వాలెన్సియాలో కుటుంబంతో ఏడాది ఉండాలంటే: ఏ పని ముందు, ఏది తర్వాత

స్పెయిన్ చూసి రావడానికైతే పది రోజుల ప్యాకేజీ చాలు. పిల్లల్ని బడిలో వేసి, ఇల్లు అద్దెకు తీసుకుని, ఏడాది పాటు వండుకు తింటూ ఉండాలంటే లెక్క వేరు. అక్కడ ప్రతి కాగితమూ ఇంకో కాగితాన్ని అడుగుతుంది. అద్దె ఒప్పందం లేనిదే చిరునామా నమోదు కాదు, చిరునామా నమోదు కానిదే బడి సీటు కదలదు, వేలిముద్రల అపాయింట్‌మెంట్ దొరికితే గానీ రెసిడెన్సీ కార్డు రాదు. ఈ వరస ముందే తెలిస్తే పెద్ద టెన్షన్ ఉండదు. తెలియకపోతే మొదటి మూడు నెలలూ ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది.

నేను వాలెన్సియా గురించే రాస్తున్నాను. మాడ్రిడ్, బార్సిలోనా తర్వాత స్పెయిన్‌లో మూడో పెద్ద నగరం, జనాభా సుమారు 8 లక్షలు. ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు నడవగలరు, పిల్లలు సైకిల్ తొక్కగలరు. సముద్రానికి ట్రామ్‌లో వెళ్లి రావచ్చు. కుటుంబంతో ఉండడానికి బార్సిలోనా కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, మధ్యలో ఒకచోట మారాల్సిందే.

ముందు వీసా సంగతి తేల్చుకోండి

మామూలు షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లో చూసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. ఏడాది అంటే లాంగ్ స్టే వీసా కావాలి. మన కుటుంబాలకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు.

మొదటిది నాన్ లూక్రటివ్ వీసా. అంటే అక్కడ ఏ పనీ చేయం, మా డబ్బుతో మేం బతుకుతాం అని చూపించడం. ఇంట్లో కూర్చుని ఇండియా కంపెనీకి ల్యాప్‌టాప్‌లో పని చేస్తామన్నా దీనికి కుదరదు. స్పెయిన్ ప్రభుత్వం ఐప్రెమ్ అనే ఆదాయ సూచికను పెట్టుకుంది, 2023 నుంచి అది నెలకు 600 యూరోలు. ప్రధాన దరఖాస్తుదారుకు దానికి నాలుగు రెట్లు, వెంట వచ్చే ఒక్కొక్కరికీ ఇంకో 600 చూపించాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అంటే నెలకు 4,200, ఏడాదికి 50,400 యూరోలు. ఐప్రెమ్ మారితే ఈ లెక్కా మారుతుంది.

రెండోది డిజిటల్ నోమాడ్ వీసా. 2022 నాటి స్టార్టప్ చట్టంతో వచ్చింది. స్పెయిన్ బయటి కంపెనీకి రిమోట్‌గా పని చేసేవాళ్ల కోసం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా చూసేది ఇదే. స్పెయిన్ కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చూపాలి, మొదటి కుటుంబ సభ్యుడికి ఇంకో 75 శాతం, ఆ తర్వాత ఒక్కొక్కరికీ 25 శాతం కలపాలి. మీ కంపెనీ పుట్టి కనీసం ఏడాది అయి ఉండాలి, మీరు అందులో చేరి కనీసం మూడు నెలలు కావాలి, స్పెయిన్ నుంచి పని చేయడానికి ఒప్పుకుంటున్నామని హెచ్‌ఆర్ లెటర్ ఇవ్వాలి. చాలామంది దగ్గర బండి ఆగేది ఈ లెటర్ దగ్గరే, అందుకే మేనేజర్‌తో మాట్లాడకుండా మిగతా ఏ ఖర్చూ పెట్టకండి.

ఇల్లు కొంటే వీసా వస్తుందని ఇంకా చెప్పే బ్రోకర్లున్నారు. ఆ గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది.

కాగితాలు: మన పేర్లే అసలు తలనొప్పి

పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్, డిగ్రీ (నోమాడ్ వీసాకైతే) బయటికి తీయండి. బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర), ఆ తర్వాత స్పెయిన్ గుర్తించిన ప్రమాణ అనువాదకుడి చేత స్పానిష్ అనువాదం. ఇదే వరస. అనువాదం ముందు చేయించి అపోస్టిల్ తర్వాత వేయిస్తే, అపోస్టిల్ ముద్రకు మళ్లీ అనువాదం కావాలంటారు. పోలీస్ క్లియరెన్స్ తాజాగా ఉండాలి కాబట్టి దాన్ని చివర్లో తీసుకోండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. బల్ల మీద పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు పక్కపక్కనే పెట్టి పేర్లు అక్షరం అక్షరం చూడండి. బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరు ముందు "కె." అని ఒక్క పొడి అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. మన ఊళ్లో ఇది ఎవరికీ పట్టదు. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. కౌంటర్‌లో ఉన్నావిడకు "కె." అంటే ఏమిటో అర్థం కాదు, ఈ పిల్లవాడు మీ పిల్లవాడే అని ఎలా నమ్మాలని అడుగుతుంది. తేడాలుంటే ఇక్కడే సరిచేయించుకోండి, అక్కడికెళ్లాక అది అయ్యే పని కాదు. దరఖాస్తుల్లో రెండో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేయవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ స్పెయిన్‌లో అనుమతి ఉన్న కంపెనీదే తీసుకోవాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కొంత మనం కట్టే రకం పాలసీని ఒప్పుకోరు. ఇక్కడ తీసుకున్న ట్రావెల్ పాలసీ కూడా చాలదు.

ఎప్పుడు దిగాలి, ఎక్కడ దిగాలి

ఆగస్టులో మాత్రం దిగకండి. ఊరు సగం మూసేసి ఉంటుంది, ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. సెప్టెంబర్‌లో విద్యార్థులు వచ్చి పడతారు, ఇళ్లు దొరకవు. జూలై మొదట్లో దిగితే ఎండ మండిపోయినా ఇళ్లు చూడడానికి, ఆఫీసు పనులకు నెల రోజులు చేతిలో ఉంటాయి. మొదటి కొన్ని వారాలకు తాత్కాలిక బస చూసుకుని, అసలు ఇల్లు కళ్లతో చూశాకే ఖాయం చేసుకోండి. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనేవాడు ఎంత మంచి ఫొటోలు పెట్టినా మోసగాడే.

పేట ఎంచుకునేటప్పుడు మ్యాప్‌లో తూరియా పార్కును చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. 1957 అక్టోబర్‌లో తూరియా నది పొంగి ఊరిని ముంచెత్తింది. ఆ తర్వాత నదినే ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించారు. ఎండిన పాత పాయలో రోడ్డు వేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు, తోట చేశారు. ఇప్పుడది ఊరి మధ్యలో సుమారు 9 కిలోమీటర్ల పార్కు. ఒక చివర బయోపార్క్ జూ, ఇంకో చివర ఆర్కిటెక్ట్ కలత్రావా కట్టిన సిటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్. మధ్యలో పడుకుని ఉన్న గలివర్ బొమ్మ మీద జారుడుబల్లలుంటాయి, పైసా టికెట్ లేదు. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ పార్కు నడక దూరంలో ఉండడం పెద్ద హాలు ఉండడం కన్నా ముఖ్యం.

కాంపనార్ కుటుంబాలకు బాగుంటుంది. బెనిమాక్లెత్ ఒకప్పటి పల్లె, ఇంకా ఆ వాసన ఉంది, విద్యార్థుల సందడీ ఉంది. రుసాఫా, ఎల్ కార్మెన్ చూడడానికి బాగుంటాయి గానీ రాత్రి ఒంటిగంటకు కూడా కింద బార్లలో మాటలు వినిపిస్తాయి. సముద్రం పక్కనే ఉన్న కబన్యాల్‌లో గాలి బాగుంటుంది, తేమ ఎక్కువ. ఊరికి దక్షిణాన, కొత్త కాలువకు అవతల ఉన్న పట్టణాల్లో చూస్తుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. 2024 అక్టోబర్ 29 వరదలో నగరాన్ని ఆ కొత్త కాలువ కాపాడింది, పైపోర్తా, కతరోఖా లాంటి పట్టణాలు మునిగిపోయాయి. ఆ వైపు తీసుకుంటే నేల అంతస్తు వద్దు.

ఇల్లు చూసేటప్పుడు ఏజెంటును అడగాల్సినవి:

లిఫ్ట్ ఉందా. పాత భవనాల్లో చాలా వాటికి ఉండదు.

హీటింగ్ ఉందా. వాలెన్సియాలో చలి పెద్దగా ఉండదు కదా అనుకుంటారు. బయట ఎండ కాస్తుంటే ఇంట్లో టైల్స్ మీద కాలు పెట్టలేం. జనవరిలో ఇది తెలుస్తుంది.

కరెంటు ఎన్ని కిలోవాట్లకు తీసుకున్నారు. 3.45 కిలోవాట్ల కనెక్షన్ ఉంటే ఏసీ, ఓవెన్, స్టవ్ ఒకేసారి నడిస్తే ఇల్లంతా చీకటే.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ చిరునామా మీద పద్రోన్, అంటే మున్సిపాలిటీలో చిరునామా నమోదు, చేసుకోవచ్చా. కొందరు ఓనర్లు వద్దంటారు. అలాంటి ఇల్లు ఎంత చౌకగా వచ్చినా మీకు పనికిరాదు.

స్థిర నివాసానికి ఇచ్చే ఒప్పందమైతే చట్టం ప్రకారం ఒక నెల అద్దె డిపాజిట్, దాన్ని ఫియాన్సా అంటారు. దానిపైన ఇంకో రెండు నెలల దాకా గ్యారంటీ అడగవచ్చు. ఏజెన్సీ ఫీజు 2023 నుంచి ఓనరే కట్టాలి. "దె తెంపొరాదా" అని తాత్కాలిక ఒప్పందమైతే డిపాజిట్ రెండు నెలలు, ఏజెన్సీ ఫీజు మీ నెత్తినే పడవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర స్పెయిన్ పే స్లిప్ ఉండదు కాబట్టి చాలాసార్లు ఈ తాత్కాలికమే ఇస్తామంటారు. ఏడాదికే వెళ్తున్నవాళ్లకు అదీ నష్టమేమీ కాదు, పద్రోన్‌కు ఒప్పుకుంటే చాలు.

తాళాలు చేతికి రాగానే

కింద పోస్టు డబ్బా మీద ఇంట్లో అందరి పేర్లూ రాసి అతికించండి. పేరు లేని డబ్బాలో ఉత్తరాలు వేయకుండా వెనక్కి పంపేస్తారు, ఆఫీసుల ఉత్తరాలు ఇంకా పోస్టులోనే వస్తాయి.

తర్వాత మున్సిపాలిటీలో పద్రోన్. ఇది ఫలానా ఇంట్లో ఫలానావాళ్లు ఉంటున్నారని నమోదు. పాస్‌పోర్టులు, అద్దె ఒప్పందం, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తీసుకెళ్లండి. వచ్చిన సర్టిఫికెట్‌కు కాపీలు దగ్గర పెట్టుకోండి, బడి, బ్యాంకు, పోలీసులు, అందరూ అడుగుతారు.

ఆ తర్వాత టీఐఈ కార్డు, అంటే రెసిడెన్సీ కార్డు. దేశంలోకి వచ్చిన నెలలోపు దీనికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈఎక్స్-17 ఫారం, 790-012 చలానా బ్యాంకులో కట్టిన రసీదు, ఫొటో, పాస్‌పోర్టు, పద్రోన్. పిల్లలకూ విడివిడిగా చేయాలి. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, ఎప్పుడు చూసినా ఖాళీ లేదనే వస్తుంది. తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నట్టు పొద్దున్నే కూర్చోవడమే దారి. వేలిముద్రలు ఇచ్చాక కార్డు చేతికి రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, ఆ రసీదు పోగొట్టుకోకండి.

బడి

స్పెయిన్‌లో 6 నుంచి 16 ఏళ్ల దాకా చదువు తప్పనిసరి, ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. ప్రైవేటు యాజమాన్యం, ప్రభుత్వ నిధులతో నడిచే కొన్సెర్తాదో బడులు ఇంకో రకం. తరగతి పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది, జనవరిలో పుట్టినా డిసెంబర్‌లో పుట్టినా ఒకే తరగతి. మామూలు అడ్మిషన్లు వేసవికి ముందే అయిపోతాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీటిస్తారు, పక్కింటి బడిలోనే కావాలని పట్టుబడితే కుదరదు.

ఇక్కడ స్పానిష్‌తో పాటు వాలెన్సియన్ కూడా అధికార భాషే, బడిలో రెండూ చెబుతారు. ప్రధాన భాష ఏది కావాలో 2025లో తల్లిదండ్రుల చేత ఓటు వేయించారు కూడా. ఇంగ్లిష్ మీడియం పిల్లలు రెండు కొత్త భాషల్లో ఏమైపోతారో అని మనకు భయం. పదేళ్ల లోపు పిల్లల గురించి దిగులు పడకండి, ఆటస్థలంలో వాళ్లే నేర్చుకుంటారు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలైతే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అక్కడ చరిత్ర, సైన్స్ స్పానిష్‌లో రాయాలి, తిరిగొచ్చాక ఇక్కడ సిలబస్ పరుగెత్తి ఉంటుంది. బయల్దేరే ముందే ఇక్కడి బడిని అడిగి, తిరిగి చేర్చుకోవడానికి ఏ సర్టిఫికెట్లు తేవాలో కాగితం మీద రాయించుకోండి. టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి.

వంటిల్లు

సామాను సర్దేటప్పుడు ముందు నెయ్యి డబ్బా పక్కన పెట్టేయండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు. అమ్మ ఎంత ప్రేమగా కాచి ఇచ్చినా నెయ్యి పాల పదార్థమే. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా కుదరవు. ఆవకాయకు ఇబ్బంది లేదు, నూనె కారకుండా కట్టుకునే పూచీ మీది. పప్పులు, కారం, పసుపు అక్కడి ఇండియన్, పాకిస్తానీ కొట్లలో దొరుకుతాయి, వాటితో సూట్‌కేస్ నింపకండి. చింతపండు, ఇంగువ, మీకు అలవాటైన సాంబారు పొడి తీసుకెళ్లండి చాలు.

అల్యూమినియం కుక్కర్ తీసుకెళ్లేముందు ఇంట్లో ఏ స్టవ్ ఉందో అడగండి. ఇండక్షన్ అయితే అది వేడెక్కనే వేడెక్కదు, ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీల్ కుక్కర్ కావాలి. మిక్సీ తీసుకెళ్లొచ్చు, కరెంటు మనలాగే 230 వోల్టులు. మూడు పుల్లల ప్లగ్‌కు మాత్రం అడాప్టర్ కావాలి. పొద్దున్నే ఆరింటికి చట్నీ రుబ్బితే కింది ఫ్లాట్ వాళ్లు చీపురు కర్రతో సీలింగ్ కొడతారు. ఎనిమిది దాటాక రుబ్బుకోండి.

వాలెన్సియా కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. కందిపప్పు ఇంటి దగ్గర మూడు విజిల్స్‌కు ఉడికితే ఇక్కడ ఐదైనా గింజగానే ఉంటుంది. ముందు నానబెట్టండి, లేదా పప్పు వరకు సీసా నీళ్లు పోయండి. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది కూడా ఆ సున్నమే, వెనిగర్ పోసి మరిగిస్తే పోతుంది.

బియ్యం విషయంలో నా సలహా వేరు. అందరూ బాస్మతి వెతుక్కుంటారు. ఊరి పక్కనే అల్బుఫేరా సరస్సు చుట్టూ వరి పండుతుంది, అక్కడి బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పులిహోరకు పనికిరాదు. పెరుగన్నానికి, పొంగలికి, పిల్లల పప్పన్నానికి మెత్తగా కుదురుతుంది. మన సన్నబియ్యం మీద బెంగ పెట్టుకోవడం కన్నా దీనికి అలవాటు పడడం తేలిక.

కూరగాయలకు సూపర్ మార్కెట్ కన్నా మీ పేట మార్కెట్‌కు వెళ్లండి. ఊరి నడిమధ్యన 1928లో తెరిచిన మెర్కాదో సెంత్రాల్ ఉంది, పైకప్పు చూడడానికైనా ఒకసారి వెళ్లాలి. అది మధ్యాహ్నం మూడింటిదాకే, ఆదివారం సెలవు. కొట్టు ముందు క్యూ కనిపించదు, అందరూ చెల్లాచెదరుగా నిలబడి ఉంటారు. వెళ్లగానే "ఎల్ ఉల్తిమో?" అని అడగండి, చివర ఎవరు అని. ఒకావిడ చెయ్యెత్తుతుంది. ఇప్పుడు చివర మీరు, తర్వాత వచ్చినవాళ్లు అడిగితే చెయ్యెత్తండి. ఈ ఒక్క మాట రాకపోతే అరగంటైనా అక్కడే నిలబడాలి.

శాకాహారులు హోటల్లో "మాంసం వద్దు" అంటే చాలదు. హామ్ ముక్కలు, ట్యూనా చేప వాళ్ల దృష్టిలో మాంసం లెక్కలోకి రాకపోవచ్చు. మామూలు వాలెన్సియా సలాడ్‌లోనే ట్యూనా వేస్తారు. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ ఖమోన్" అని, అంటే మాంసం, చేప, హామ్ లేకుండా అని, మూడూ చెప్పండి. అక్కడి అన్నం వంటకం పాయేయా, అసలైన వాలెన్సియా పద్ధతిలో చేస్తే అందులో కోడి, కుందేలు ఉంటాయి. కూరగాయలది అడిగినప్పుడు కూడా ఏ నీళ్లతో ఉడికించారో అడగండి. ఓర్చాతా మాత్రం నిశ్చింతగా తాగండి. అల్బొరాయా పొలాల్లో పండే చూఫా అనే చిన్న దుంపల నుంచి తీసే తీపి పానీయం, అందులో పాలు కలపరు.

వేళలు, వానలు, బాణాసంచా

భోజనం మధ్యాహ్నం రెండింటికి, రాత్రిది తొమ్మిది దాటాక. చిన్న కొట్లు రెండింటి నుంచి ఐదింటిదాకా మూసేస్తారు. ఎనిమిదింటికల్లా పిల్లల్ని పడుకోబెడితే వాళ్లకు స్నేహితులు దొరకరు, ఆ వేళకే అందరూ చౌరస్తాలో ఆడుకుంటుంటారు. లిఫ్ట్‌లో ఎవరు ఎక్కినా "హోలా" అనండి.

శరత్కాలంలో వాన హెచ్చరికలను తేలిగ్గా తీసుకోకండి. వాతావరణ సంస్థ ఆయెమెత్ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరిస్తుంది. ఎరుపు వస్తే కారు కోసం సెల్లార్‌లోకి దిగొద్దు. 2024 వరద రోజు ఫోన్లకు హెచ్చరిక రాత్రి 8 దాటాక వచ్చింది, అప్పటికే చాలా ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. ఎమర్జెన్సీ నంబర్ 112.

మార్చిలో ఫాయాస్ పండుగ. 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి మున్సిపాలిటీ ముందు చౌకులో మాస్క్‌లెతా అనే బాణాసంచా పేలుస్తారు, వెలుగు కోసం కాదు, చప్పుడు కోసం. 19 రాత్రి వీధుల్లో నిలబెట్టిన భారీ బొమ్మలన్నీ తగలబెడతారు. చూసి తీరాల్సిందే. ఇంట్లో పసిబిడ్డ గానీ గుండె జబ్బున్నవాళ్లు గానీ ఉంటే చివరి నాలుగు రోజులు వేరే ఊరికి వెళ్లడం మంచిది, రాత్రిళ్లు కూడా నిద్ర పట్టదు.

అమ్మానాన్నలు వస్తామంటే

వాళ్లది మామూలు షెంగెన్ వీసా, 90 రోజులు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్. మీ ఇంట్లో ఉంటారంటే పోలీసుల దగ్గర తీసుకునే ఆహ్వాన పత్రం అడగవచ్చు. అది తేలడానికి చాలా రోజులు పడుతుంది, టికెట్ల కన్నా ముందు దాని పని మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో పిలిపించుకోండి. ఫాయాస్ హోరు ఉండదు, ఎండలూ ముదరవు.

పన్ను లెక్క

క్యాలెండర్ ఏడాదిలో 183 రోజులు దాటితే మీరు స్పెయిన్ పన్ను పరిధిలోకి వస్తారు. అప్పుడు ఊళ్లో ప్లాటు, బ్యాంకులో ఎఫ్‌డీలు, షేర్లు కూడా లెక్కలోకి వస్తాయి. వీటిలో ఏ రకం ఆస్తి అయినా 50,000 యూరోలు దాటితే 720 నంబర్ ఫారంలో చూపించాలి, గడువు మార్చి 31. ఇది పన్ను కాదు, సమాచారం మాత్రమే. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటున్నా ఆ హద్దు దాటే రోజులివి. జూలైలో దిగితే ఆ ఏడాదికి 183 రోజులు దాటతాయో లేదో వేళ్ల మీద లెక్కపెట్టి, రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

తిరిగొచ్చేముందు

ఇల్లు ఖాళీ చేయడానికి ఒప్పందంలో ఎన్ని రోజుల నోటీసు రాశారో చూసి ఈమెయిల్‌లో ఇవ్వండి, ఫోన్‌లో చెప్పడం చాలదు. చివరి రోజున ప్రతి గదినీ, మీటర్ రీడింగులనూ వీడియో తీయండి. తాళాలు అందినట్టు ఓనర్ చేత కాగితం మీద సంతకం పెట్టించుకోండి. ఆ తేదీ నుంచి నెలలోపు ఫియాన్సా తిరిగివ్వాలి, దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. ఆ డబ్బు పడేదాకా స్పెయిన్ బ్యాంకు ఖాతాను మూసేయకండి.